సిగ్మా పట్టేంత చూపు

గడ్డం ఒక చట్రంలో ఆనించి, ఒక కన్నుకు గంత కట్టి, ఎదురుగా ఉన్న తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి చూడమన్నారు. ఎక్కడైనా వెలుగు చుక్క కనిపిస్తే చేతిలోని బటన్ నొక్కాలి. తిరుపతిలో ఒక కంటి ఆసుపత్రి అది. కళ్ళద్దాలు మార్పించుకుందామని పోయినదాన్ని, కంట్లో ఒత్తిడి ఎక్కువగా ఉందని ఆ చీకటి గదిలోకి పంపించారు. మొదట్లో గబగబా నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ కనిపించలేదు. చుక్కలు రావడం ఆగిపోయిందనుకున్నాను. ఆగలేదని కాగితం చూశాక తెలిసింది. నా కుడి కంటి చూపు ఆ కాగితం మీద ఒక గుండ్రటి పటంలాగా ఉంది, పై అంచున నల్లటి మరక. డాక్టరు చిన్నపిల్ల, నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్లల ఈడుది. "మీ ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉండేదామ్మా?" అని అడిగింది. మా నాయనకు ఉండేదని, మా తాతకు కూడా ఉండి ఉంటుందని, ఆయనకైతే జబ్బు పేరు చెప్పినవాళ్ళే లేరని చెప్పాను. "మీ నాన్నగారికి ఎప్పుడు బయటపడింది?" అంది రాసుకుంటూ. ఆలస్యంగా అని మాత్రం అన్నాను. నాయన తర్వాత ఆ సంగతి మొట్టమొదట తెలిసింది నాకే. నాకు తెలిసిన ఎనిమిది నెలలకు గాని మేము ఆసుపత్రి గడప తొక్కలేదు. ఆ ఎనిమిది నెలల గురించి ఇన్నేళ్ళలో నేను ఒక్క అక్షరం రాయలేదు.

అప్పుడు చిత్తూరులో, కొంగారెడ్డిపల్లెలో బాడుగ ఇంట్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనక పెరడు, పెరట్లో బట్టలుతికే బండ, కరివేపాకు చెట్టు, సున్నం పెచ్చులూడిన పొడవాటి గోడ. నాయన ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరరు. పొద్దున్నే తొట్టి దగ్గర చన్నీళ్ళు పోసుకుంటూ ఆ రోజు చెప్పబోయే పాఠం పైకే చెప్పుకునేవాడు. చెంబు మునిగిన ప్రతిసారీ ఒక మెట్టు, నీళ్ళు ఒంటిమీద పడిన ప్రతిసారీ ఇంకో మెట్టు. లోపల అమ్మ రోట్లో ఊరిబిండి నూరుతుండేది. వేయించిన శెనగవిత్తుల వాసన, కాలిన ఎండుమిరప ఘాటు, పొయ్యి మీద సంగటి ఉడుకుతున్న వాసన, వీటన్నిటి మధ్య "కాబట్టి, ఎన్ వ పదం ఏందిరా?" అని తొట్టి దగ్గరి నుంచి ప్రశ్న వినిపించేది. జవాబు ఎవరూ చెప్పరు. ఆయనే చెప్పుకునేవాడు. తెల్లచొక్కా జేబులో సుద్దముక్కలు కాగితంలో చుట్టి పెట్టుకుని పోయి, సాయంత్రం భుజాల దాకా సుద్దపొడితో తిరిగొచ్చేవాడు. అమ్మ ఆ చొక్కాను ఉతికేముందు పెరట్లో రెండు సార్లు గట్టిగా దులిపేది. మా ఇంటి కరివేపాకు ఎప్పుడూ కొంచెం తెల్లగానే ఉండేది, కడగందే కూరలో వేసేవాళ్ళం కాదు.

నాయన పుట్టింది నగరిలో, నేతగాళ్ళ ఇంట్లో. ఆ వంశంలో మగ్గం దిగి కాలేజీ మెట్లెక్కిన మొదటివాడు ఆయనే. సెలవులకు నగరి పోతే గంజి వాసన వీధి మొదట్లోనే ఎదురొచ్చేది. తాత అప్పటికే చూపు లేనివాడు. అయినా మగ్గం గుంట పక్కనే కూర్చుని తెగిన పోగును వేళ్ళతో వెతికి పట్టుకుని ముడివేసేవాడు. ఆయన కళ్ళను మగ్గం తినేసిందని వీధిలో అందరూ అనుకునేవాళ్ళు. ఆయన ఒక్కడే కాదు, ఆ వరుసలో ఇంకా ఇద్దరు ముసలివాళ్ళు అట్లాగే ఉండేవాళ్ళు గనక ఎవరికీ అనుమానం రాలేదు. నాయనకూ రాలేదు. "నా కండ్లు మాత్రం మగ్గానికి ఇయ్యలేదు" అని గర్వంగా చెప్పుకునేవాడు. చదువు తనను ఆ గుంటలో నుంచి పైకి లాగిందని, దాంతోనే కళ్ళూ దక్కాయని ఆయన నమ్మకం.

కాలేజీలో నాయన బోర్డు గురించి నేను చేరకముందే విన్నాను. బోర్డు ఎడమ అంచున మొదలుపెడితే కుడి అంచు దాకా వంకర లేకుండా రాసేవాడట. సీనియర్లు చెప్పేవాళ్ళు, అంకశ్రేఢి వస్తే సార్ చుక్కలు పెట్టనివ్వడని. మూడు, ఏడు, పదకొండు, పదిహేను అని మొదలుపెట్టి ముప్పై పదాలుంటే ముప్పయ్యీ రాయించేవాడు. "మూడు పదాలు రాసి చుక్కలు పెడితే నడిమధ్యలోవన్నీ యాడికి పోయినట్లురా? అవి ఉండాయి గదా. కంటికి అగపడాల" అనేవాడట. ఆ తర్వాతే, చేతులు నొప్పి పుట్టాక, బోర్డు చివర మిగిలిన జాగాలో అన్నీ కూడమని చెప్పే సిగ్మా గుర్తు వేసి, కింద ఎన్ సమానం ఒకటి, పైన ముప్పై, పక్కన బ్రాకెట్లో నాలుగు ఎన్ మైనస్ ఒకటి అని రాసేవాడు. ఎన్ బదులు ఒకటి వేస్తే మూడు, ముప్పై వేస్తే నూట పంతొమ్మిది. బోర్డంతా నిండిన లెక్క అరచేయంత గుర్తులో ఇమిడిపోయేది. కూడితే పద్దెనిమిది వందల ముప్పై. పిల్లలు అప్పుడు హమ్మయ్య అనుకునేవాళ్ళట.

నేను మొదటి సంవత్సరంలో చేరి ఆయన క్లాసులో కూర్చునేసరికి ఆ పద్ధతి పోయింది. నాయన నేరుగా సిగ్మాతోనే మొదలుపెట్టాడు. బోర్డు నడుమ, తన ముఖానికి ఎదురుగా, ఒకే ఒక పెద్ద సిగ్మా. కింద ఒకటి, పైన ఇరవై, పక్కన బ్రాకెట్. అంతే. మిగిలిన బోర్డంతా ఖాళీ. చుక్కల్లేవు, పదాల్లేవు. అది కొత్త పద్ధతి కాబోలని మగపిల్లలు మెచ్చుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఇంట్లో మాత్రం ఆ రోజుల్లోనే కొన్ని చిన్న చిన్నవి జరుగుతుండేవి. నాయన తలుపు దాటేముందు చెక్కను చేత్తో తాకేవాడు. నడవాలో పెట్టిన నీళ్ళ బిందెకు రెండుసార్లు కాలు తగిలింది. ఒకరోజు పళ్ళెంలో కుడిపక్క వడ్డించిన పుల్లగూర అట్లాగే వదిలేసి "కూర లేదా ఈపొద్దు?" అని అడిగాడు. అమ్మ పళ్ళెం వైపు, ఆయన వైపు చూసి, "పరధ్యానం ఎక్కువైపోతా ఉండాది మీ నాయనకు" అని నాతో అని నవ్వింది.

ఒకరోజు క్లాసులో రెడ్డెమ్మ లేచి నిలబడింది. రెడ్డెమ్మ కాణిపాకం దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చేది, వాళ్ళ ఇంట్లో కొబ్బరికాయల వ్యాపారం. అర్థం కానిదాన్ని అర్థమైనట్లు తలూపడం ఆ పిల్లకు చేతకాదు. "సార్, ఆ గుర్తు నాకు అర్థం కాలేదు. ఇడదీసి రాయండి సార్" అంది. నాయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత సుద్ద తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. మొదటి నాలుగు పదాలూ చక్కగానే వచ్చాయి. ఐదో పదం కొంచెం పైకి పోయింది. ఏడో పదం ఇంకా పైకి. పదో పదం దగ్గర వరుస ఎక్కిపోయి ముందే రాసి ఉన్న సిగ్మా మీదుగా నడిచింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నాయన వెనక్కి తిరిగి నవ్వుతూ ఆ పిల్లవాడి కోసం చూశాడు. ఒక ముఖం తర్వాత ఒక ముఖం, ఒక్కొక్కటే వెతుక్కుంటూ చూశాడు. ఆయన చూపు గదినంతా ఒకేసారి పట్టుకోవడం లేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన మోకాలి పక్కన, కుడివైపు, చప్పుడు కాకుండా పెట్టి ఎదురుగా కూర్చున్నాను. నాయన పేపరు చదువుతున్నాడు. చిన్న అక్షరాలు కూడా చదువుతున్నాడు. కాసేపటికి "మజ్జిగ తెస్తానంటివే పాపా?" అన్నాడు. ఆయన పేపరు దించి నా ముఖం చూశాడు. మెల్లగా తల తిప్పి నేల వెతికాడు, గ్లాసు దొరికింది. తీసుకుని తాగకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"తెలిసిపోయిందా నీకు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏమైంది నాయనా నీ కండ్లకు?"

"ఏమీ కాలేదు. నడిమధ్యలో బాగానే అగపడతాది. పక్కలే, గోనెపట్టా కట్టినట్టు ఉంటాది. రెండేండ్లుగా ఉండాది. ఇంతకంటే ఎక్కువ కాదులే."

"ఆసుపత్రికి పోదాం. వేలూరు ఎంతసేపు?"

"పోతే ఏమంటారు? గుడ్డోడివి అంటారు. ఆ మాట కాలేజీకి తెలిస్తే రేపట్నుంచి సుద్ద పట్టుకోనిస్తారా? నీ సదువు కానీ. ఆ తర్వాత పోదాం." కొంచెం ఆగి, "మీ అమ్మకు చెప్పొద్దు" అన్నాడు.

చెప్పనన్నాను. పదహారేళ్ళ పిల్లకు తండ్రి రహస్యం దక్కడం ఎంత పెద్ద గౌరవమో ఆ రోజు నాకు అనిపించింది. భయం వేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి మేమిద్దరం కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. అమ్మ నీళ్ళకు పోయిన సమయంలో పెరటి గోడ మీద బొగ్గుతో సాధన చేసేవాళ్ళం. వరుస పైకి పోతున్నా, పాతరాత మీదికి ఎక్కుతున్నా నేను పెన్సిలుతో ఉతికే బండ మీద ఒక్కసారి కొట్టాలి. కొడితే ఆగి సరిచేసుకుంటాడు. కొట్టకపోతే సరిగ్గా ఉన్నట్టు. ఆ గోడ దగ్గరే నాకు ఆయన శ్రేఢిని సిగ్మాలో రాయడం నేర్పించాడు. ఎంత ఓపికగా నేర్పించాడో! "ఐదు, ఎనిమిది, పదకొండు. ఎంతెంత పెరుగుతా ఉండాది?" అంటే, "మూడు" అనేదాన్ని. "ఆ మూడును ఎన్ పక్కన పెట్టు. మూడు ఎన్. ఇప్పుడు ఎన్ బదులు ఒకటి ఏసి సూడు. మూడు వస్తాది. మనకు కావాల్సింది ఐదు. ఎంత తక్కువైంది?" "రెండు." "అది కలుపు. మూడు ఎన్ ప్లస్ రెండు. ఇంక కడాపదం అరవై రెండు కదా, ఎన్ ఎంతయితే అరవై రెండు వస్తాదో అది సిగ్మా నెత్తిన పెట్టు." నేను లెక్క కట్టి ఇరవై అనేదాన్ని. ఆయన వేలితో గోడ మీద ఆ గుర్తు చుట్టూ ఒక సున్నా గీసి, "ఇప్పుడు నా కంటికి పట్టేది ఇంతే పాపా. దీంట్లో ఇరవై పదాలు పట్టినాయి గదా, అది సాలు" అన్నాడు. ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు.

కాలేజీకి ఇద్దరం కలిసి నడిచేవాళ్ళం. పాఠం చెబుతున్నట్టుగా నా భుజం మీద చెయ్యి వేసుకునేవాడు. చూసినవాళ్ళు కూతురంటే ఎంత ప్రేమో అనుకునేవాళ్ళు. క్లాసులో ఎడమవైపు వరుస ఆడపిల్లలది, అందులో మొదటి బెంచీ అంచు నాది. పెన్సిలు ఎప్పుడూ వేళ్ళమధ్యే ఉండేది. ఆయన రాస్తుంటే నేను నోట్సు రాసుకోలేదు, ఆ వరుసనే చూస్తూ కూర్చునేదాన్ని. రెండు మూడు నెలలకు ఆయనకు ధైర్యం వచ్చింది. మళ్ళీ ఇరవై పదాలు, ముప్పై పదాలు విడదీసి రాయడం మొదలుపెట్టాడు. నేను బల్ల మీద టక్కుమని కొడితే చెయ్యి రెండంగుళాలు దిగేది. క్లాసులో ఎవరూ గమనించలేదు. రెడ్డెమ్మకు ఎన్ వ పదం అర్థమైపోయి, తనే లేచి జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో నాయన ఎంత సంతోషంగా ఉండేవాడో చెప్పలేను. తొట్టి దగ్గర పాఠాలు గట్టిగా వినిపించేవి. ఇంటికొచ్చి అమ్మ వినకుండా నాతో, "ఈపొద్దు ఎన్నిసార్లు కొట్టినావు? నాలుగేనా? బాగుండాది" అనేవాడు.

కొట్టాల్సిన సార్లు పెరుగుతున్నాయని నేను చెప్పలేదు. నాలుగు ఏడయ్యాయి, ఏడు పదీ పన్నెండయ్యాయి. మామిడి పూత రాలే రోజులు. ఒక పొద్దున కాలేజీకి పోతూ రోడ్డు దాటుతుంటే నా చెయ్యి విడిపించుకుని ఒక్కడే ముందుకు అడుగేశాడు. పక్క నుంచి వచ్చే బస్సు ఆయనకు కనిపించలేదు. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. డ్రైవరు తిట్టుకుంటూ పోయాడు. నేను రోడ్డు పక్కనే కూలబడ్డాను. నాయన మాత్రం చొక్కా సర్దుకుని, "ఏం కాలేదు గదా, లెయ్" అని నవ్వాడు. ఆ సాయంత్రం పెరట్లో ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. వేలూరు పోదామన్నాను. "పరీక్షలు కానీ" అన్నాడు. పరీక్షలయ్యాక పోదామా అంటే, "రెండో ఏడు కూడా అయిపోనీ పాపా. నువ్వు బయటపడితే నాకు దిగులుండదు" అన్నాడు. ఇంకొక సంవత్సరం! ఇంకొక సంవత్సరం నేను పెన్సిలు పట్టుకుని కూర్చోవాలి.

మర్నాడు మూడో పీరియడు నాయనది. ఎప్పటిలాగే వరండా చివరి దాకా కలిసి వచ్చి, ఆయన వెనకే క్లాసులోకి అడుగుపెట్టాను. మొదటి బెంచీ దగ్గర ఆగకుండా ఆడపిల్లల వరుస చివరికి పోయి కూర్చున్నాను. ఈ రోజు కొట్టనని ముందే నిర్ణయించుకున్నాను. అందరి ముందూ బయటపడితే ఇంక ఆసుపత్రికి పోక తప్పదు, ఆయన మేలు కోసమే అని మనసులో చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. అయితే అదొక్కటే కారణమని రాస్తే అబద్ధమవుతుంది. నేను అలిసిపోయాను. సార్ కూతురు పాఠం వినకుండా బల్ల వాయిస్తుందని తోటిపిల్లలు అప్పటికే ఎగతాళి చేస్తున్నారు. ఒక్క గంటైనా ఎవరికీ కళ్ళుగా ఉండకుండా కూర్చోవాలనిపించింది.

బోర్డు మీద అంతకుముందు పీరియడు రసాయనశాస్త్రం సమీకరణాలు సగం చెరిపి వదిలేసి ఉన్నాయి. నాయన నడుమ సిగ్మా వేశాడు. కింద ఒకటి, పైన ఇరవై, పక్కన మూడు ఎన్ ప్లస్ రెండు. "ఇడదీద్దామా?" అన్నాడు హుషారుగా. రాయడం మొదలుపెట్టాడు. ఐదు, ఎనిమిది, పదకొండు. నాలుగో పదానికే వరుస లేచింది. నా చేతిలో పెన్సిలుంది. ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది. పదాలు పోయి రసాయనశాస్త్రం మీద పడ్డాయి, అక్కడి నుంచి సిగ్మా మీద పడ్డాయి, వరుస చివర బోర్డు చట్రం దాటి గోడ మీద కూడా రెండంకెలు వేశాడు. మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే మానేశారు. అరవై రెండు రాసి నాయన మా వైపు తిరిగాడు. ముఖం నిండా నవ్వు. "అర్థమైందా?" అన్నాడు.

ఎవరూ పలకలేదు. నాయన నవ్వు అట్లాగే ఉంది గాని కళ్ళు మాత్రం ఆడపిల్లల వరుస వెంబడి వెతుకుతున్నాయి. కాలేజీలో ఆయన నన్ను అందరిలాగే భారతీ అని పిలిచేవాడు. ఆ రోజు, బోర్డుకు ఒక చెయ్యి ఆనించుకుని, "పాపా... ఉండావా?" అన్నాడు.

నేను లేవలేదు. రెడ్డెమ్మ లేచింది. నేరుగా పోయి, ఆయన చేతిలోని సుద్ద తీసి బల్ల మీద పెట్టి, మోచెయ్యి పట్టుకుని "సార్, ఈడ కుర్చీ ఉండాది. కూసోండి" అని కూర్చోబెట్టింది. తర్వాత ఎవరో ప్రిన్సిపాలును పిలుచుకొచ్చారు. మంచాయన. వంగి, "ఎన్నాళ్ళుగా సార్ ఇట్లా?" అని మెల్లగా అడిగాడు. "ఈమధ్యనే" అన్నాడు నాయన. అప్పుడు కూడా నా పేరు బయటకు రానివ్వలేదు.

వేలూరులో డాక్టరు తమిళం, తెలుగు కలిపి మాట్లాడాడు. రెండు రోజులు పరీక్షలు చేశాడు. ఇది నరం చచ్చిపోయే జబ్బని, పోయింది తిరిగి రాదని, మిగిలింది నిలబెట్టడానికే మందైనా ఆపరేషనైనా అని చెప్పాడు. నాయనకు మిగిలింది చాలా తక్కువ. కుడికన్ను అప్పటికే చేజారింది. ఆరేడు నెలల ముందు తీసుకొచ్చి ఉంటే ఎడమకన్నునైనా పట్టుకునేవాళ్ళమని, ఇప్పుడు ప్రయత్నం చేస్తామని అన్నాడు. చేశారు. నిలవలేదు. ఆరేడు నెలల మాట డాక్టరు అన్నప్పుడు అమ్మ పక్కనే ఉంది. వరండాలోకి వచ్చాక, "నాకు తెలుసమ్మా. వానాకాలం నుంచి తెలుసు" అని చెప్పేశాను. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. "నేనూ మగ్గం కొంపలో పుట్టినదాన్నే గదే. గుడ్డోళ్ళకు అన్నం పెట్టడం నాకు తెలీదా? ఒక్కమాట సెప్పింటే ఆపొద్దే ఈడ్సుకోని వచ్చిందును" అంది. ఆ తర్వాత చాలా రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

కాలేజీ ఆ సంవత్సరం చివరి దాకా పేరు ఉంచి, తర్వాత తీసేసింది. అమ్మ ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటకు చేరింది. నాయన ఇంట్లోనే నోటితో ట్యూషన్లు చెప్పేవాడు. ఇరవై పదాలూ మనసులోనే రాసుకుని ఎక్కడా తడబడకుండా చెప్పేవాడు. మొదట్లో పదిమంది వచ్చారు. బోర్డు లేని లెక్కలు పిల్లలకు కష్టమై ఒక్కొక్కరే మానేశారు. చివరిదాకా వచ్చింది రెడ్డెమ్మ ఒక్కతే, ఆ పిల్ల పరీక్ష కూడా గట్టెక్కింది. నేను రెండో సంవత్సరం లెక్కల గ్రూపు వదిలేశాను. బోర్డు ముందు కూర్చుంటే అక్షరాలు కాకుండా వరుస ఎక్కడ లేస్తుందో మాత్రమే కనిపించేది. తిరుపతిలో తెలుగు చదివి, తెలుగే చెప్పుకుని బతికాను. ఎందుకు మారావని నాయన అడిగితే ఇష్టం లేదన్నాను. ఇంకోసారి అడగలేదు.

ఇప్పుడు నా కంటికి చుక్కలమందు ఇచ్చారు. సాయంత్రం ఒక్క చుక్క, కన్ను మూసుకుని రెండు నిమిషాలు. ఉన్న చూపు ఉన్నట్టే ఉంటుందని ఆ పిల్ల డాక్టరు ధైర్యం చెప్పింది. ఆ మాట నమ్ముతున్నాను. మందు వేసుకున్న ప్రతిసారీ ఇంత చిన్న పని కదా అనిపిస్తుంది. మా వీధి చివర ఒక కోచింగ్ కాలేజీ ఉంది. కిటికీలోంచి చూస్తే తెర మీద సిగ్మా మెరుస్తుంటుంది, పిల్లలు దాని కింద సూత్రం రాసుకుని, జవాబు గుర్తుపెట్టి, తర్వాతి ప్రశ్నకు పోతుంటారు. విడదీసి రాయమని ఎవరైనా అడుగుతారేమోనని రెండు మూడుసార్లు గేటు దగ్గర నిలబడి విన్నాను. ఎవరూ అడగలేదు. వాళ్ళకు అంత తీరిక లేదు, తప్పూ కాదు. ఇంట్లో పెద్దవాళ్ళకు ఒక జబ్బుంటే పిల్లలకు కూడా చూపించాలని ఇప్పుడు ఆసుపత్రి గోడల మీదే రాసి ఉంటుంది. మా తాత కళ్ళు పోయినప్పుడు నగరిలో ఆ మాట చెప్పేవాళ్ళు ఎవరున్నారు? నాయన విషయంలో మాత్రం నేనున్నాను. నాకు నోరుంది.

నాకు ఉద్యోగం వచ్చిన చాలా ఏళ్ళకు, ఒక ఎండాకాలం సెలవుల్లో, చిత్తూరు ఇంటి వరండాలో నాయన, నేను కూర్చుని ఉన్నాం. అమ్మ లోపల మధ్యాహ్నం వంటలో ఉంది. ఆయన జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, గడ్డం మాత్రం ఎప్పుడూ తనే చేత్తో తడుముకుంటూ గీసుకునేవాడు. ఆ రోజెందుకో ఇక ఉండబట్టలేకపోయాను.

"నాయనా, ఆ పొద్దు నేను క్లాసులోనే ఉన్నాను. ఎనక బెంచీలో. కావాలనే కొట్టలేదు."

ఆయన ఆశ్చర్యపోలేదు. "తెలుసు" అన్నాడు. "నువ్వు ఎనక్కి పోయింది నాకు ఆ పొద్దే తెలుసు. నా కూతురు నడక నాకు తెలీదా?"

"తెలిసీ ఎందుకు రాసినావు మరి?"

నాయన తన అరచేతులు రుద్దుకున్నాడు.

"యాడ కూసున్నా కొడతావనుకొన్నాను పాపా" అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే దానికి నేనేదైనా చెప్పుకునేదాన్ని. లోపలి నుంచి అమ్మ అన్నానికి పిలిచింది. నాయన లేచి, చెయ్యి గాల్లో ముందుకు చాచాడు. నేను లేచి నా భుజం అందించాను. ఇద్దరం నాలుగడుగులు నడిచాం.

"గడప" అన్నాను.

ఆయన కాలెత్తి దాటాడు.